ఎవరూ అడగని పరీక్ష

గల్ఫ్‌కి ఉద్యోగానికొచ్చిన ఏ మనిషినైనా అడగండి, "మెడికల్" అంటే ఏమిటో చెబుతారు. బయల్దేరే ముందు ఇండియాలో ఒకసారి, ఇక్కడ దిగాక మరోసారి. రక్తం తీస్తారు, ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు. హెచ్ఐవీ ఉందా, కామెర్ల వైరస్ ఉందా, క్షయ ఉందా? ఆడవాళ్ళయితే అదనంగా ఇంకో ప్రశ్న, కడుపుతో ఉన్నారా? అన్నిటికీ "లేదు" అని వస్తే "ఫిట్" అని ముద్ర పడుతుంది. వీసా రెన్యువల్‌కి మళ్ళీ రక్తం, మళ్ళీ ఎక్స్‌రే.

నేనీ బురైమి వచ్చి ఆరేళ్ళు. ఇన్నిసార్లూ ఫిట్టే. తప్పు పట్టడం లేదు, ఏ దేశం భయం ఆ దేశానికి ఉంటుంది. కానీ ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా నా ఒంటికి జరిగిన ప్రతి పరీక్షా వేరేవాళ్ళ అవసరం కోసం జరిగిందేనని, నా కోసం నేను చేయించుకున్నది ఒక్కటీ లేదని నాకు తట్టనే లేదు. ఒక అక్క వల్ల తట్టింది. ఈ టపా ఆవిడ గురించి సగం, మన గురించి సగం. టైపింగ్ సొంతంగా నేర్చుకున్న బాపతుని, అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

బురైమి ఎక్కడుందో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఒమాన్‌కి వాయవ్యం మూలన, ఎమిరేట్స్ సరిహద్దుని ఆనుకుని ఉంటుంది. కంచెకి అవతల అల్ ఐన్. నిజానికి రెండూ కలిసి ఒకే ఒయాసిస్సు, మధ్యలో దేశాల గీత. రాత్రిపూట మా మేడెక్కితే అవతలి దేశం వీధిదీపాలు కనిపిస్తాయి. అక్కడ క్యాన్సర్ వైద్యానికి పేరున్న తవాం ఆసుపత్రి ఉంది. కానీ వీసా, ఇన్సూరెన్సు, యజమాని అనుమతి, ఈ మూడూ కలిసొస్తే తప్ప మాలాంటివాళ్ళకి అది దీపాలంత దూరమే.

అక్కది కోనసీమ. నలభై తొమ్మిదేళ్ళు. ఇక్కడొక ఇంట్లో పని చేసేది. సూక్‌లో కూరగాయల దగ్గర తెలుగు వినబడి పలకరించాను, అలా పరిచయం. ఫోన్‌లో డబ్బు పంపే యాప్ మొరాయించినప్పుడల్లా నాకు కబురు. "మీరు కంప్యూటర్ల మేడం కదండీ, కాత్త చూద్దురూ" అనేది. ఒక శుక్రవారం నాతోపాటు సూపర్‌మార్కెట్‌కి వచ్చి, మొహమాటపడుతూ ప్యాడ్ల ప్యాకెట్ తీసుకుంది. ముట్టు ఆగిపోయి రెండేళ్ళయిందని అంతకుముందెప్పుడో ఆవిడే చెప్పిన గుర్తు. ఎవరికండీ అన్నాను.

"నాకేనండి. మళ్ళీ వత్తంది. ఎనిమిది నెల్లయిందండి. వేడి చేసుంటది, ఈ ఎండలకి."

"డాక్టరుకి చూపించుకోలేదా?"

"అమ్మో! మెడికల్ ఫెయిలైపోద్దండీ. ఇంటికంపేత్తారు."

ఆ మెడికల్‌లో అసలు ఆ పరీక్షే లేదు. లేని పరీక్షలో తప్పుతానేమోనని ఆవిడ ఎనిమిది నెలలు దాచుకుంది. మజ్జిగ తాగింది, సబ్జా గింజలు నానబెట్టుకుంది, ఊళ్ళో అమ్మవారికి మొక్కుకుంది. ఆ ఇంటావిడ మంచిది కాబట్టి రెండు గంటలు సెలవిచ్చింది, నేను తీసుకెళ్ళాను. డాక్టరు లోపల ఒక్కసారి చూసి, ముక్క తీసి పరీక్షకి పంపింది. గర్భసంచి మూతికి క్యాన్సర్. నెల తిరక్కుండా అక్క ఇంటికెళ్ళిపోయింది. ఏది జరుగుతుందని భయపడి దాచిందో అదే జరిగింది. కాకపోతే ఎనిమిది నెలలు ఆలస్యంగా.

ఆ రాత్రి నేను లెక్క వేసుకున్నాను. ఆఫీసులో నేను చూసే సర్వర్లకి ఒక క్యాలెండర్ ఉంది. బాగా నడుస్తున్నప్పుడే చూడాలని, కూలాక చూస్తే అది మెయింటెనెన్స్ కాదు పోస్ట్‌మార్టమని ఇంజనీరింగ్ మొదటి ఏడాది నుంచీ చెప్పించుకున్నదాన్ని. నా ఒంటికి మాత్రం క్యాలెండర్ లేదు.

ఎందుకు లేదంటే, మన ఇళ్ళల్లో లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి కారణం ఒక్కటే. ఆ ఆసుపత్రి మెట్లమీద ఎవరైనా ఎదురుపడితే మొదటి మాట, "ఏమైనా విశేషమా?" పెళ్ళయిన అమ్మాయైతే మురిపెంగా అడుగుతారు, పెళ్ళికాని అమ్మాయైతే అడక్కుండా చూస్తారు. ఆ చూపు ఇంకా కష్టం. నేను వారం తిరక్కుండా ఇక్కడే ఒక క్లినిక్‌కి వెళితే కౌంటర్‌లో అమ్మాయి కూడా అదే అడిగింది, మలయాళం యాసలో హిందీలో. ప్రెగ్నెన్సీయా అని. కాదంటే, అయితే ప్రాబ్లమేంటి అని. ఏ ప్రాబ్లమూ లేదు, పాప్ స్మియర్ చేయించుకోవాలి అంటే, ప్రాబ్లం లేకుండా ఎందుకొచ్చావన్నట్టు ఓ చూపు. ప్రాబ్లం లేకుండా వెళ్ళడమే ఈ పరీక్ష అసలు సంగతి అని ఆ అమ్మాయికి కాదు, నాకే కొత్త.

కాస్త శాస్త్రం చెప్పుకుందాం, ఎక్కువ కాదు. ఈ క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ ఒక వైరస్ వల్ల వస్తుంది, హెచ్‌పీవీ. ఆ సంబంధం కనిపెట్టినందుకు హెరాల్డ్ త్సుర్ హౌజెన్ అనే జర్మన్ శాస్త్రవేత్తకి 2008లో నోబెల్ ఇచ్చారు. శారీరక సంబంధం ఉన్న ఆడా మగా అందరిలో అత్యధికులకి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. ఎక్కువమందికి ఏడాది రెండేళ్ళలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం పోకుండా తిష్ట వేస్తుంది. అలా ఉండిపోయినది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్ళు, పదిహేనేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అంత నింపాదిగా వచ్చే క్యాన్సర్ ఇది. ఆ మధ్యకాలంలో ఎప్పుడు చూసినా పట్టుకోవచ్చు, పట్టుకుంటే చిన్న చికిత్సతో ఆపేయొచ్చు. అయినా 2022లో మన దేశంలో లక్షా ఇరవై ఏడు వేలమందికి పైగా ఇది కొత్తగా వచ్చిందని, దాదాపు ఎనభై వేలమంది దీనితో పోయారని అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ అంచనా.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. "సంబంధం వల్ల సోకే వైరస్" అనగానే మనవాళ్ళ మెదడు ఒకే సందులోకి మళ్ళుతుంది. జీవితంలో కట్టుకున్నవాడు తప్ప మరో మనిషి తెలియని ఆడదానికీ ఇది వస్తుంది. ఆ ఒక్క మనిషి దగ్గర్నుంచి రావచ్చు, ఇరవై ఏళ్ళ కిందట సోకినది ఇవాళ బయటపడవచ్చు. రిపోర్టులో హెచ్‌పీవీ పాజిటివ్ అని వస్తే అది నడవడిక మీద తీర్పు కాదు, భార్యది కాదు, భర్తది కూడా కాదు. ఈ ఒక్క ముక్క ఇంటింటికీ తెలిస్తే సగం భయం పోతుంది. భయం వ్యాధి గురించి కన్నా మాట గురించే ఎక్కువ కనక.

మరి ఇరవై ఏళ్ళ అమ్మాయిల సంగతేంటి? అందరూ ఏటేటా వెళ్ళి పరీక్ష చేయించుకోవాలా? అక్కర్లేదు. ఇది నేను చదివేదాకా నాకూ తెలియదు. మూడు వేరు వేరు విషయాల్ని మనం ఒకటిగా కలిపేస్తున్నాం.

మొదటిది, బాధ ఉన్నప్పుడు చేసే పరీక్ష. నెలసరికి నెలసరికి మధ్య రక్తం, కలయిక తర్వాత రక్తం, ముట్టు ఆగిపోయాక మళ్ళీ రక్తం, వాసనతో తెల్లబట్ట, కింద పొత్తికడుపులో తగ్గని నొప్పి. వీటికి వయసుతో, పెళ్ళితో పనిలేదు. పంతొమ్మిదేళ్ళైనా వెళ్ళాల్సిందే. పోయినేడు పాప్ స్మియర్ నార్మల్ అని ఊరుకోకూడదు కూడా.

రెండోది, ఏ బాధా లేకపోయినా ఏటా ఒకసారి లోపల చెయ్యి పెట్టి చూసే మామూలు పరీక్ష. అమెరికాలో ఇది ఏళ్ళ తరబడి ఆనవాయితీ. 2014లో అక్కడి ఫిజీషియన్ల కాలేజీ, ఏ లక్షణమూ లేని ఆడవాళ్ళకి దీనివల్ల లాభం కనబడలేదు, మానేయమంది. అంటే ఈ భయంతో డాక్టరు గడప తొక్కని అమ్మాయిలకి శుభవార్త. నెలసరి గురించి, గర్భనిరోధక మాత్రల గురించి, టీకా గురించి మాట్లాడటానికి వెళ్ళండి. మాట్లాడటానికి ఎవరూ బల్ల ఎక్కమనరు.

మూడోది, ఈ టపా దేని గురించో అది. క్యాన్సర్ రాకముందే పట్టుకునే స్క్రీనింగ్. దీనికి వయసుంది. బ్రిటన్‌లో పాతికేళ్ళ నుంచి పిలుస్తారు. అమెరికాలో కొందరు ఇరవై ఒకటన్నారు, అక్కడి క్యాన్సర్ సొసైటీ 2020లో పాతిక అంది. మన ప్రభుత్వం 2016లో పెట్టుకున్న పద్ధతి ప్రకారం ముప్పై నుంచి అరవై ఐదు, అయిదేళ్ళకోసారి. మరీ చిన్న వయసులో ఎందుకొద్దంటే, ఆ వయసులో వచ్చే మార్పుల్లో చాలావరకు వాటంతటవే పోయేవే. వాటిని చూసి కంగారుపడి మూతి దగ్గర కోస్తే రేపు కాన్పు నెలలు నిండకుండా జరిగే ప్రమాదం పెరుగుతుంది. చిన్న వయసుకి టీకా, ముప్పై దాటాక పరీక్ష. గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే.

"ఇదంతా కార్పొరేట్ ఆసుపత్రుల వ్యాపారం" అనేవాళ్ళుంటారు. ఆ అనుమానం నాకూ ఉంది, మన దగ్గర దానికి కారణాలూ ఉన్నాయి. కానీ లెక్క చూడండి. హెచ్‌పీవీ పరీక్ష నెగెటివ్ వస్తే మళ్ళీ అయిదు నుంచి పదేళ్ళకి రమ్మంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ముప్పై అయిదుకల్లా ఒకసారి, నలభై అయిదుకల్లా ఒకసారి, జీవితంలో రెండుసార్లు మంచి పరీక్ష జరిగితే చాలనుకుని 2030కి లక్ష్యం పెట్టింది. జీవితంలో రెండుసార్లొచ్చే గిరాకీతో ఎవరూ మేడలు కట్టలేరు.

మేడలు కట్టేది వేరేదానితో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూశాను. ముప్పై నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో ఈ క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. మన రెండు రాష్ట్రాలు కాస్త నయం, కానీ రెండింటిలోనూ నూటికి అయిదుగురు దాటలేదు. అదే సర్వేలో, పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళలోపే గర్భసంచి తీయించేసుకున్నవాళ్ళు ఆంధ్రలో, తెలంగాణలో నూటికి ఎనిమిదిమందికి పైనే. దేశం మొత్తానికి అది మూడు చిల్లర. రెండు లెక్కల వయసులు ఒకటి కావు, నిజమే. అయినా సంగతి అర్థమవుతుంది. మన దగ్గర గర్భసంచిని చూడటం కన్నా తీసేయడం తేలిక.

మా వీధిలోనే ఎంతమందో! తెల్లబట్ట అవుతోందని వెళితే "సంచి పాడైంది, ఉంచితే క్యాన్సరవుతుంది" అన్నారట. ముప్పై అయిదేళ్ళకి తీయించుకుని, నలభైకల్లా మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కేవాళ్ళు. అనవసరంగా జరిగిన ఈ ఆపరేషన్ల గురించి హైదరాబాదు డాక్టర్లు కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి ఏనాడో ఊళ్ళు తిరిగి రాసి మొత్తుకున్నారు. ఒక చిన్న పరీక్ష చేసి "నీకు క్యాన్సర్ లేదమ్మా, ఇన్ఫెక్షన్, ఈ మాత్రలు వాడు" అనగలిగిన చోట, పరీక్ష లేనందువల్ల భయం అమ్ముడుపోయింది. స్క్రీనింగ్ తెలిసిన ఆడదానికి క్యాన్సర్ పేరు చెప్పి సంచి తీయడం అంత సులువు కాదు. "పరీక్ష రిపోర్టేదండీ?" అని అడుగుతుంది.

టీకా కథ ఇంకోలా నడిచింది. మా కంచె అవతల అబుదాబి ఎమిరేట్‌లో 2008లోనే బడిపిల్లలకి హెచ్‌పీవీ టీకా మొదలుపెట్టారు. మరుసటేడు, 2009 జులైలో, మన ఖమ్మం జిల్లాలో కూడా మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు, దాదాపు పద్నాలుగు వేలమంది. పాత్ అనే అమెరికా సంస్థ, మన ఐసీఎంఆర్ కలిసి చేసిన ప్రాజెక్టు. కొందరు పిల్లలు చనిపోయారు, గొడవైంది, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణలో ఆ చావులకి పాముకాటు, నీట మునగడం, పురుగుల మందు, జ్వరాలు కారణాలని, టీకాకి సంబంధం కనబడలేదని తేలింది. కానీ ఇంకోటి కూడా తేలింది. చాలామంది పిల్లలవి గిరిజన కుటుంబాలు, వాళ్ళుండేది హాస్టళ్ళలో. అమ్మానాన్నలు పెట్టాల్సిన అంగీకార సంతకం రెండు వేల ఏడు వందలకు పైగా కాగితాల మీద వార్డెన్లూ హెడ్‌మాస్టర్లూ పెట్టేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తూర్పారబట్టింది.

నా మటుకు నాకు ఆ టీకా మంచిదే. మా అక్క కూతురికి వేయించమని పోరుపెట్టింది నేనే. కానీ ఖమ్మంలో జరిగింది మంచిపని చెడ్డగా చేయడం. పిల్లకి చెప్పలేదు, తల్లికి చెప్పలేదు, ఎవరో సంతకం పెట్టారు. ఫలితం, ఏళ్ళ తరబడి మన దగ్గర ఈ టీకా పేరెత్తితే "ఖమ్మంలో పిల్లలు చచ్చిపోయారట కదా" అన్న మాటే. నమ్మకం పోగొట్టడానికి ఒక్క సంతకం చాలింది. గల్ఫ్ మెడికల్‌లోనూ, పెద్దాపరేషన్ బల్లమీదా, హాస్టల్లోనూ నాకు కనబడేది ఒకటే. ఆడదాని ఒళ్ళు, నిర్ణయం ఇంకొకరిది.

అందుకే నాకు ఈ స్క్రీనింగ్ మీద ఇంత పట్టు. ఇది వీసా కోసం కాదు, కడుపు పండిందా అని చూసుకోవడానికి కాదు, అత్తగారి కోసం కాదు. ఎవరూ అడగరు. మనం అడిగితేనే జరుగుతుంది.

ఎలా ఉంటుందో కూడా చెప్పేస్తాను, ఎవరూ చెప్పరు కాబట్టి. మోకాళ్ళు మడిచి పడుకోవాలి. చల్లటి పరికరం ఒకటి పెట్టి, చిన్న బ్రష్‌తో మూతి దగ్గర కణాలు తీసుకుంటారు. రెండు మూడు నిమిషాలు. నాకు నొప్పి కన్నా బిగుసుకుపోవడమే ఎక్కువైంది. నర్సు భుజం మీద చెయ్యేసి ఊపిరి పీల్చమంది. ఆడ డాక్టరే కావాలనొచ్చు, మధ్యలో ఆపమనొచ్చు, నర్సుని పక్కనే ఉండమనొచ్చు. మనూళ్ళ ప్రభుత్వాసుపత్రుల్లో పద్ధతి ఇంకా తేలిక. పల్చటి ఎసిటిక్ ఆసిడ్, అంటే వెనిగర్‌లో ఉండేదే, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లగా తేలుతుంది. మహారాష్ట్రలో ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో లక్షా ముప్పై వేలమంది ఆడవాళ్ళతో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష జరిగిన ఊళ్ళలో ఈ క్యాన్సర్ చావులు, జరగని ఊళ్ళతో పోలిస్తే దాదాపు సగమే. ఒక్కసారికే!

ఇంకొకరి ముందు పడుకోవడమే ఇబ్బందైతే దానికీ దారుంది. హైదరాబాదు పక్కన మేడ్చల్ పల్లెల్లో ఆడవాళ్ళు తమ శాంపిల్ తామే తీసుకుంటే హెచ్‌పీవీ పరీక్షకి పనికొస్తుందా అని చూశారు, ఆ ఫలితాలూ 2009లోనే వచ్చాయి. పనికొస్తుందన్నారు. ఆస్ట్రేలియాలో 2022 జులై నుంచి ఎవరికి కావాలంటే వాళ్ళు అలా తీసుకోవచ్చు. మేడ్చల్ ఆడవాళ్ళు అన్నేళ్ళ కిందటే చేసి చూపించినది మేడ్చల్‌లో ఇప్పటికీ మామూలు విషయం కాలేదంటే లోపం ఆ ఆడవాళ్ళలో లేదు.

నా రిపోర్టు వచ్చాక అమ్మకి ఫోన్ చేశాను. అమ్మకి యాభై ఎనిమిది.

"నాకేం రోగమే?" అంది.

"లేనప్పుడే చేయించుకోవాలమ్మా."

"ఈ వయసులో ఆ డాక్టరు దగ్గరికెళ్తే ఎవరైనా చూస్తే ఏమంటారు?"

"విశేషమా అంటారు. అవునను."

చాలాసేపు నవ్వింది. నెల రోజులకి, నేను మర్చిపోయాననుకున్నాక, పిన్నిని వెంటబెట్టుకుని వెళ్ళొచ్చింది. ఇద్దరూ ఒకేరోజు. తిరిగొస్తూ హోటల్లో దోసెలు తిని, మధ్యాహ్నం చీరల షాపుకి కూడా వెళ్ళారట.

కోనసీమ అక్కకి ఇరవై అయిదు కరెంట్లు పెట్టారు, ఆ తర్వాత లోపలి నుంచి పెట్టేవి కూడా అయ్యాయి. రక్తం ఆగింది. అసలు సంగతి ఏమిటో ముందు ముందు తెలుస్తుంది. అప్పుడప్పుడూ వాయిస్ మెసేజ్ పెడుతుంది. మొన్నటిదాంట్లో తన ఒంటి గురించి ఒక్క ముక్క లేదు. వచ్చే నెలలో కోడలు మస్కట్ వెళుతోందట, మెడికల్ అయిందట, ఫిట్ అని వచ్చిందట.

"కానీ మేడం గారూ, ఆ ఇంకో పరీక్ష ఉంది కదండీ, ఎవరూ అడగందీ, అది కూడా చేయించే పంపుతున్నానండి. ముప్పై దాటిందండి దానికి."